పాలేనికి ఒక్క గింజ

మొన్న ఒక బంధువుల పెళ్లికి ఆత్మకూరు నుంచి ఉదయగిరికి వ్యాను మాట్లాడుకుని పోయాం. డ్రైవరు కుర్రాడు బయల్దేరిన దగ్గర్నుంచి ఫోనులో పాటలు పెట్టాడు. ఊరు దాటి ఎంతో దూరం పోలేదు, ఒకే పాట రెండోసారి వచ్చింది. మధ్యలో ఇంకో పాట, మళ్లీ అదే. నా వెనక సీట్లో ఉన్న చిన్నాయనకు చిరాకెత్తింది.

"ఏందిరా, పాటలన్నీ అయిపోయినాయా? అదే తిప్పి తిప్పి ఏస్తా ఉండావే?"

"నేనెయ్యలా మామా. షఫుల్‌లో పెట్టినా. దానంతటదే ఏసుకుంటా ఉండాది."

"షఫుల్ అంటే కలిపి ఏసేది గదరా. కలిపి ఏస్తే ఒకే పాట మళ్లీ మళ్లీ ఎట్టొస్తాది? నీ ఫోను చెడిపోయుంటాది, యాడన్నా చూపించుకో."

నాకు నవ్వు ఆగలేదు. వ్యానులో అందరూ నా వైపు చూశారు. చిన్నాయన తనను చూసి నవ్వాననుకుని ముఖం ముడుచుకున్నాడు. ఫోను చెడిపోలేదు, వేసిన పాటను కూడా మళ్లీ అందులోనే కలిపి తీస్తే అట్లాగే వస్తుంది అని చెబుదామనుకున్నాను గానీ, పెళ్లికి పోయేవాళ్లకు పాఠం చెబితే ఎవరు వింటారు? వినేలా చెప్పగలిగిన మనిషి పోయిన వేసవిలోనే పోయారు. ఆమె పోయాక, ఆమెను తలుచుకుని నేను నవ్వడం ఇదే మొదటిసారి.

ఆమె పేరుతో మాకెవరికీ ఎప్పుడూ పని పడలేదు. ఉదయగిరిలో నేను చదివిన డిగ్రీ కాలేజీలో మేడం అంటే ఆమె ఒక్కరే. మిగతా లెక్చరర్లు కూడా మేడం అనే పిలిచేవారు. స్టాటిస్టిక్స్ చెప్పేవారు. పొట్టి మనిషి. నడక మొదలుపెడితే పక్కనున్నవాళ్లు పరుగెత్తాల్సిందే. గోళ్లకు ఏనాడూ రంగు వేసుకోలేదు గానీ హ్యాండ్‌బ్యాగులో మూడు రంగుల నెయిల్ పాలిష్ సీసాలు ఎప్పుడూ ఉండేవి. ఫ్యాన్సీ షాపాయన ఒకసారి "ఈ గులాబీ రంగు మీకు బాగుంటాది మేడం" అంటే, "నాకు కాదయ్యా, చింతగింజలకు" అని చెప్పి సీసా తీసుకుని వచ్చేశారట. పాపం ఆయన చాలాకాలం ఆ మాటను వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

నిజంగా చింతగింజలకే. జాకెట్టు గుడ్డతో కుట్టిన చిన్న సంచి ఒకటి ఉండేది, నోటికి తాడు. అందులో పది చింతగింజలు. ఐదింటికి గులాబీ, నాలుగింటికి నీలం, ఒక్కదానికి ఎరుపు. ఏదో ఒకదానికి పూత లేకుండా వదిలేస్తే వేలికి తెలిసిపోతుందని అన్నిటికీ పూసేవారు. క్లాసుకు రాగానే ఆ సంచిని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. లోపలినుంచి ఎవరో ఏదో చెబుతున్నట్టు కాసేపు వినేవారు. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, చెయ్యి లోపల పెట్టి, ఒక గింజ పిడికిట్లో పట్టుకుని, అరచెయ్యి తెరిచి క్లాసంతా చూసేలా పైకెత్తేవారు. మాలో ఒకరు లేచి బోర్డు మీద ఆ రంగు రాయాలి. రాశాక గింజ మళ్లీ సంచిలోకి.

"మళ్లీ ఎయ్యి. కలుపు. ఇంకా కలుపు. గింజకు నిన్నటి సంగతి తెలీకూడదు."

ఈ మాట ఎన్నిసార్లు విన్నామో. హాస్టల్లో పప్పు కలుపుకునేటప్పుడు కూడా అమ్మాయిలు ఒకరినొకరు "కలుపు, ఇంకా కలుపు" అని ఆటపట్టించుకునేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం ఆ సంచిలో గింజలు తీసుకుని వామనగుంటలు ఆడి, రెండు ఎక్కడో పోగొట్టాం. మేడం సంచి ఊపగానే ఆగిపోయారు. చప్పుడు తేడా వచ్చిందట. "ఎవురే నా ప్రాబబిలిటీని ఆట్లో పోగొట్టింది?" అని అడిగారు. కోప్పడాలని చూశారు గానీ నవ్వొచ్చేసింది. మర్నాటికి కొత్త గింజలు, కొత్త పూత.

ఇంకో సంచి ఉండేది. దానికి మేము నిజంగానే భయపడేవాళ్లం. అందులో గింజల మీద మా రోల్ నంబర్లు. ఎవరి గింజ వస్తే వాళ్లు లేచి జవాబు చెప్పాలి. అందరికీ తలా ఒకటి, అంతవరకు సమానమే. కానీ ముందురోజు క్లాసు ఎగ్గొట్టినవాళ్ల పేరున ఇంకో గింజ చేరేది. "రేపటికి నీకు రెండు గింజలు" అంటే అదే శిక్ష. మా క్లాసులో ఒకడికి పాపం ఆరేడు గింజలు పడ్డాయి, వాడు మేడం కంట పడకుండా వరండాలో స్తంభం చాటున తిరిగేవాడు. చిత్రమేమిటంటే ఆ వారమంతా వాడి గింజ రాలేదు. ఒక్క గింజ ఉన్న నాదే రెండు రోజులు వరసగా వచ్చింది. ఇదేం అన్యాయమని నేను ఏడుపుముఖం పెడితే, "నేనేం చేసేదే, సంచిని అడుగు" అన్నారు.

అన్నిటికంటే బాగా గుర్తున్న క్లాసు ఇంకొకటి. మమ్మల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు నిజంగా సంచిలోంచి తీస్తూ, మళ్లీ వేస్తూ, వచ్చిన రంగులు వరసగా కాగితం మీద రాయాలి. రెండో జట్టు సంచి ముట్టకుండా, తీసినట్టు ఊహించుకుని రాయాలి. ఎవరు ఏది రాస్తున్నారో తనకు తెలియకుండా బయటికి పోయి నిలబడ్డారు. తిరిగొచ్చి రెండు కాగితాలూ అలా చూశారో లేదో, "ఇది సంచి రాసింది. ఇది బుర్ర రాసింది" అని బల్ల మీద పెట్టేశారు.

"ఎట్టా తెలిసింది మేడం?"

"మీరు రాసింది ముద్దుగా ఉండాది గదే. నాలుగు గులాబీలు వరసగా రాసేసరికి మీ చెయ్యికి మొహమాటం వచ్చింది. పాపం నీలం ఏమనుకుంటాదో అని ఒక నీలం ఏసినారు. పదింట్లో ఒకటి గదా అని ఎర్రది పదింటికోసారి పద్ధతిగా వచ్చి పలకరించి పోతా ఉండాది. సంచికి మొహమాటం యాడిది? ఇది చూడండి, ఎర్రది వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది. ఆనేక ఇంత పొడుగునా దాని జాడే లేదు."

అప్పుడు మాకది గారడీలా ఉండింది. క్లాసయ్యాక మేము కూడా సంచిని మోసం చేసేలా రాయాలని ఎంతో ప్రయత్నించాం. ఎంత అడ్డదిడ్డంగా రాసినా మేడం పట్టేసేవారు.

మేడంది, నాది ఒకే ఊరు. దుత్తలూరు దగ్గర. ఒకే ఊరంటే ఒకే ఊరు కాదు. ఆమెది పెద్దూరు, మాది చెరువు కింద పాలెం. ఆమె పెద్దింటి ఆడబిడ్డ, వాళ్లన్న సర్పంచి. మా నాయన చెరువులో నీళ్లుంటే చేపలు పట్టేవాడు, లేకపోతే అమ్మతోపాటు కూలికి పోయేవాడు. కాలేజీకి ఇద్దరం ఒకే బస్సు. బస్సులో పక్కన కూర్చోబెట్టుకునేవారు, డబ్బాలో ఉన్నది పంచేవారు. దిగాక మాత్రం ఆమె పెద్దూర్లోకి, నేను చెరువుకట్ట మీదుగా పాలేనికి. ఆమె ఎప్పుడూ మా వీధికి రాలేదు. నేను వాళ్ల గడప దాటలేదు. అది మా ఇద్దరిలో ఎవరం పెట్టింది కాదు, ఎవరం అడిగిందీ కాదు.

బస్సులో కూడా పాఠం ఆగేది కాదు. కండక్టరు చేతిలో నోట్లు చూపించి "ఏదో ఒకటి తియ్యి నాయనా, దాని నంబర్లో ఆఖరి అంకె చెప్పు" అనేవారు. సున్నా నుంచి నాలుగు దాకా అయితే గులాబీ. ఐదు నుంచి ఎనిమిది దాకా నీలం. తొమ్మిదైతే ఎరుపు. సంచి లేకుండానే గింజలు తీసినట్టు. "కంప్యూటరు చేసేదీ ఇంతేనే. దానికి చింతగింజలు దొరకవు గాబట్టి అంకెలు పుట్టించుకుంటాది. ఏ అంకె ఏ రంగు వాటాలో పడిందో చూసుకుంటాది" అనేవారు. కండక్టరుకు ఇది ఎంత నచ్చిందంటే, మేడం ఎక్కగానే "మేడం, ఈ రోజు ఎరుపు" అని తనే ముందు చెప్పేవాడు. పెళ్లెందుకు చేసుకోలేదు మేడం అని ఒకసారి ఆ బస్సులోనే ధైర్యం చేసి అడిగాను. "ఆ సంచిలో చెయ్యి పెట్టేదానికి భయమేసింది" అన్నారు.

నేను ఆఖరి సంవత్సరంలోకి వచ్చిన ఏడాది వానలు ఎగ్గొట్టాయి. చెరువు నెర్రెలిచ్చింది, బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. వేసవిలో ఊరికి రోజుకొక ట్యాంకరు తాగే నీళ్లు పంపడం మొదలుపెట్టారు. ఆ ట్యాంకరు పెద్దూర్లో ఆగితే అక్కడే ఖాళీ. రోడ్డు పక్క కాలనీవాళ్లు ఎదురెళ్లి ఆపుకుంటే అక్కడ ఖాళీ. పాలెం దాకా వచ్చేసరికి కుళాయి తిప్పితే గాలి వచ్చేది. మా వాళ్లు దూరంగా ఒక రైతు చేలో ఉన్న బోరు నుంచి ఉప్పునీళ్లు మోసుకొచ్చుకునేవాళ్లు. బిందెల దగ్గర కొట్లాటలు, జుట్లు పట్టుకోవడాలు. సర్పంచికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. అప్పుడు మేడం తన సంచి తీశారు.

పెద్దూర్లో ఇళ్లెక్కువ, ఐదు గులాబీ. కాలనీకి నాలుగు నీలం. పాలేనికి ఒక్క ఎరుపు. రోజూ పొద్దున పాలకేంద్రం అరుగు మీద అందరి ముందూ ఒక గింజ తీస్తారు. ఎవరి రంగు వస్తే ఆ రోజు ట్యాంకరు వాళ్లది. తీసిన గింజ మళ్లీ సంచిలోకి. మా క్లాసులో సంచే, మా క్లాసులో పద్ధతే. ఇళ్ల లెక్కన వాటా గనక ఎవరూ కాదనలేదు. పాలెంలో మాకైతే, ఏమీ లేనిచోట ఒక్క గింజయినా మా పేరున పుట్టింది కదా అనిపించింది.

మొదటి రోజే ఎర్రది వచ్చింది. పాలెమంతా పండగ. ఆ ట్యాంకరు మా వీధిలో ఆగడం చూసి ముసలివాళ్లు కూడా చెంబులు పట్టుకుని లేచారు. "మేడమ్మది చల్లని చెయ్యి" అంది అమ్మ. నా వంక గర్వంగా చూసింది, నేనేదో తీసినట్టు.

ఆ తర్వాత మళ్లీ రాలేదు. గులాబీ, నీలం, గులాబీ, గులాబీ, నీలం. రెండు వారాలు అయిపోయాయి. ఆ రోజుల్లోనే మా అక్క పురిటికి వచ్చి బిడ్డను కనింది. బాలింతకు తాగడానికి, బిడ్డ గొంతు తడపడానికి ఆ ఉప్పునీళ్లే కాచి వడగట్టేవాళ్లం. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ రోజూ పొద్దున పాలకేంద్రం దగ్గరికి పోయి, ఖాళీ బిందెతో తిరిగొచ్చేది. పాలెంలో గుసగుసలు మొదలయ్యాయి. మొదటి రోజు మాకిచ్చినట్టు ఇచ్చి, తర్వాత ఎర్రగింజను సంచిలోంచి తీసేశారన్నారు. ఎంతైనా సర్పంచి చెల్లెలే గదా అన్నారు. నన్ను నిలబెట్టి అడిగారు, "నీకు చదువు చెప్పే ఆమె గదా, నువ్వు చెప్పు మే, అట్టా చేసేదేనా?" కాదని చెప్పాను. ఎట్లా కాదో చెప్పమంటే బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.

చివరికి ఒక సాయంత్రం అమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు మేడం వాళ్లింటికి పోయారు. నన్నూ లాక్కుపోయారు. మేడం వరండాలోకి వచ్చారు.

"సంచి ఒకసారి కుమ్మరించు మేడమ్మా" అంది అమ్మ.

లోపల్నుంచి వాళ్ల వదిన ఏదో గట్టిగా అనబోతే మేడం చెయ్యెత్తి ఆపారు. లోపలికి పోయి చాట తెచ్చి సంచి అందులో కుమ్మరించారు. ఐదు గులాబీ, నాలుగు నీలం. పక్కన ఎర్రది. మా వాళ్ల తలలు దిగిపోయాయి. మేడం కోప్పడి ఉంటే బాగుండేదేమో. ఆమె కోప్పడలేదు, క్లాసులో చెప్పినట్టే నిదానంగా చెప్పారు.

"పదింట్లో ఒక్క గింజమ్మా మీది. రెండు వారాలు రాకపోవడం వింత కాదు. ఇట్టాంటి సంచులు నాలుగు ఊర్లల్లో ఉంటే, ఒక ఊర్లో ఇంచుమించు ఇట్టానే జరగతాది."

అమ్మ చాటలో ఉన్న ఎర్రగింజను వేలితో కదిలించింది.

"గింజ ఉండాది మేడమ్మా, కాదనను. నువ్వు దొంగవి కాదు. నీళ్లే లేవు. ఆ నాలుగు ఊర్లల్లో ఒకటి మేమే ఎందుకైనామో అది చెప్పు."

ప్రశ్న అడిగితే మేడం జవాబు చెప్పకపోవడం నేను మొదటిసారి చూశాను. మేము గేటు దాటేదాకా ఆమె అట్లాగే చాట పట్టుకుని నిలబడి ఉన్నారు.

మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర ఎప్పటికంటే ఎక్కువ జనం. సంచి కుమ్మరించిన సంగతి ఊరంతా పాకింది. సర్పంచి మీసం మీద చెయ్యేసుకుని ఉన్నాడు, చెల్లెల్ని శంకించారని కోపంగా ఉన్నాడు. ట్యాంకరు ఇంజను ఆపకుండానే నిలబెట్టారు. మేడం సంచి చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. ముఖం తిప్పుకున్నారు. చెయ్యి పెట్టి తీశారు. ఎప్పుడూ అయితే అరచెయ్యి తెరిచి పైకెత్తేవారు. ఆ రోజు పిడికిలి గుండెల దగ్గర పెట్టుకుని, బొటనవేలు కొద్దిగా పక్కకు జరిపి, తనొక్కరే చూసుకున్నారు. పిడికిలి అట్లాగే సంచిలో పెట్టి వదిలేశారు. తాడు బిగించారు.

"ఈ రోజు గింజ లేదు" అన్నారు. "ట్యాంకరు పాలేనికి పోతాది."

ఒక్కసారిగా గోల లేచింది. సర్పంచి ముందుకొచ్చాడు.

"ఏమొచ్చిందో చూపించు పాపా."

"చూపించను అన్నా."

"గులాబీ వచ్చుంటాది, దాచిపెట్టింది!" అని పెద్దూరాయన ఒకడు అరిచాడు. "శిష్యురాలి మొకం చూసి మా నీళ్లు వాళ్లకు దోచిపెడతా ఉండాది!"

మేడం అరుగు మీదినుంచే మాట్లాడారు.

"తప్పు నాది. తీసిన గింజ మళ్లీ ఏస్తే, ఎవురి వంతు ఎన్నాళ్లకొస్తాదో ఎవురం చెప్పలేం. క్లాసులో అది పాఠం, నీళ్లకు అది పనికిరాదు. నాకు ఇంతకు ముందు తోచలా. రేపట్నించి తీసిన గింజ పక్కన పెడతాం. పది గింజలూ అయిపోయినాకే మళ్లీ సంచి నింపేది. పదింట్లో పెద్దూరికి ఐదు, కాలనీకి నాలుగు, పాలేనికి ఒకటి. ఎవురికీ తగ్గేది లేదు. ఏ రోజొస్తాదో సంచి చెప్తాది. వస్తాదని మటుకు నేను చెప్తా."

కొత్త పద్ధతిని కాదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు. వాళ్ల కోపమంతా ఆ రోజు ట్యాంకరు మీద, ఆ మూసిన పిడికిలి మీద. సర్పంచి ఇంకోసారి అడిగాడు, ఈసారి నెమ్మదిగా, బతిమాలినట్టు.

"నా పరువు పోతాది పాపా. చెయ్యి తెరిచి చూపించుంటే అయిపోయేది గదా. ఏమొచ్చింది?"

ఆమె తల అడ్డంగా ఊపారు. అరుగు దిగి ట్యాంకరు ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నారు. ఎక్కకపోతే దాన్ని దారిలో ఆపేసి ఉండేవాళ్లే. అట్లా మేడం మొదటిసారి మా వీధికి వచ్చారు. అందరి బిందెలూ నిండేదాకా ఎండలో నిలబడ్డారు. మా గడపలో కూర్చుని అక్క బిడ్డను ఒళ్లో పెట్టుకున్నారు. అమ్మ మజ్జిగ ఇస్తే తాగారు.

ఆ వేసవంతా కొత్త పద్ధతే నడిచింది. ఎర్రగింజ ఒకసారి ముందూ ఒకసారి వెనకా వచ్చేది, కానీ వచ్చేది. బిడ్డ కోలుకుంది. మేడం సంగతి మాత్రం వేరుగా అయింది. పెద్దూర్లో ఆమెకు "దొంగగింజల మేడం" అని పేరు పెట్టారు. అన్న మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో వదిన చేత కబురు చెప్పించేవాడట. కాలేజీ తెరిచేనాటికి మేడం ఉదయగిరిలో గది అద్దెకు తీసుకున్నారు. బస్సు ప్రయాణం ఒంటికి పడటం లేదన్నారు. ఆ బస్సంటే ఆమెకెంత ఇష్టమో నాకు తెలుసు.

పాలెంలో మాత్రం ఆమె దేవత. మా కోసం, మా బిడ్డ కోసం, జాలిపడి నియమం తప్పిందని అందరూ చెప్పుకునేవాళ్లు. నేనూ అట్లాగే నమ్మాను. లెక్కల టీచరునై ఆత్మకూరుకు వచ్చాక నా పిల్లలకు ప్రాబబిలిటీ చెప్పేటప్పుడు ఆ కథే చెప్పేదాన్ని. జీవితమంతా సంచిని నమ్మిన మనిషి ఒక్కరోజు సంచిని పక్కన పెట్టి మనసు మాట విన్నదని. పిల్లలు శ్రద్ధగా వినేవాళ్లు.

రిటైరయ్యాక మేడం కూడా ఆత్మకూరులోనే చిన్న ఇల్లు తీసుకున్నారు. ఆదివారాలు పోయి కూర్చునేదాన్ని. ఆఖరి ఏడాది మంచం దిగడం కష్టమైంది. మాట మాత్రం పదునుగానే ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాటల్లో ఈ కథ క్లాసులో ఎట్లా చెబుతానో ఆమెకు చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. ఆమె దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నారు.

"పిల్లలకు తప్పు చెప్పమాక."

"ఏది తప్పు మేడం?"

"నేను నియమం తప్పలా. ఆ రోజు ఎర్రదే వచ్చింది."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మా గింజే వచ్చింది. ట్యాంకరు న్యాయంగానే మాది. చెయ్యి తెరిచి పైకెత్తి ఉంటే ఆమె మీద ఒక్క మాట పడేది కాదు.

"మరెందుకు మేడం చూపించలేదు?"

"చూపించుంటే ఏమయ్యుండేది, ఆలోచించు. మా అన్న, 'చూసినారా, ఓపిక పట్టాల, సంచి న్యాయం చేస్తాది' అనేవాడు. మీ అమ్మ కూడా నాకు దండం పెట్టేది. అంతమంది మధ్యలో సంచి గెలిచేది. ఆనేక నేను పద్ధతి మారుద్దామంటే ఎవురు వినేది? ఎర్రగింజ మళ్లీ సంచిలోకి పోయేది. మళ్లీ ఎన్నాళ్లకో. మీ అమ్మ అడిగినదానికి ఆ రాత్రంతా నాకు జవాబు దొరకలే. ఇంకో రెండు వారాలు ఆమెను ఖాళీ బిందెతో నిలబెట్టలేను గదా."

"మీ అన్నకైనా చెప్పుండొచ్చు."

"ఆయన మనసులో దాచుకునే మనిషి కాదే. చెల్లెలి పరువు కోసం ఆ పూటే ఊరంతా చాటేవాడు. పద్ధతి మళ్లీ మొదటికొచ్చేది. వానలు పడినాక చెబుదామనుకున్నా. అప్పటికి ఆయన నా మొకం చూడటం మానేసినాడు. ఆనేక ఆయనే లేకుండా పోయినాడు."

అది చెప్పి కళ్లు మూసుకున్నారు. అన్నాళ్లూ నేను క్లాసులో ఆమెను మంచిమనసుతో తప్పు చేసిన మనిషిగా నిలబెట్టాను. ఆమె తప్పే చెయ్యలేదు. చెయ్యని తప్పును తన పేరున ఉంచుకుని బతికారు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఇంటికి పోగానే చెప్పాను. బియ్యం ఏరుతున్నది ఆపి నా ముఖంలోకి చూసింది.

"మన గింజే వచ్చిందా?"

"మన గింజేనమ్మా."

"అయితే ఊరకనే అన్ని మాటలు పడిందా? అన్నను కూడా పోగొట్టుకునిందా?"

నేను జవాబు చెప్పేలోపే చాట పక్కన పెట్టి లేచింది. చీర కూడా మార్చుకోలేదు. చెప్పులేసుకుని, "ఇల్లు చూపించు పా" అంది. దారిలో నేను వెనకపడితే ఆగి చూసింది, అంతే.

మేడం కళ్లు తెరిచి అమ్మను గుర్తుపట్టారు. లేవబోతే వద్దంది అమ్మ. మంచం పక్కన నేల మీద కూర్చుంది. మేడం కుడిచెయ్యి దుప్పటి మీద ముడుచుకుని ఉంది. అమ్మ ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటిగా తెరిచి, అరచేతిని కళ్లకద్దుకుంది. మేడం సిగ్గుపడి చెయ్యి లాక్కోబోయారు. అమ్మ వదల్లేదు.